లోపలి వైపు పూత

“ఏమ్మా త్రివేణీ, మీ ఆయన మళ్లా పడవ ఎక్కుతాండాడా?”

గుమ్మఘట్టలో హార్డ్‌వేర్ కొట్టు గోపాలయ్య మాటకు త్రివేణి గిరుక్కున తిరిగింది.

“ఎవురు చెప్పినారు?”

“చెప్పేదేముంది? పడవ అడుగున కంత పూడ్సాలని ఎపాక్సీ బంక డబ్బాలు తీసుకపోయినాడు. ఇత్తడి బిరడా కూడా.”

పోయినేడు ఆ ఫైబర్ పడవలోనే ఆమె అన్న అంజినప్ప రిజర్వాయర్‌లో మునిగిపోయాడు. అడుగున బిరడా ఊడింది. ఇక పడవ ఎక్కనని మొగుడు ఓబిలేష్ ఆమె చేతిలో చెయ్యేశాడు. పడవను కాల్చెయ్యమని ఆమె పట్టుబడితే, అమ్మేశానన్నాడు.

అమ్మలేదన్నమాట!

మధ్యాహ్నం దొంగచాటుగా చేనికి వెళ్లింది. బోరు ఎండినప్పటి నుంచి గొర్రెలతో ఓబిలేష్ ఒక్కడే అటు పోతున్నాడు. రేకుల కొట్టం వెనక పడవ. అతను అందులో కూర్చుని బిరడా చుట్టూ ఎపాక్సీ పూస్తున్నాడు.

లోపలి వైపు!

త్రివేణి చేపలు పట్టేవాళ్ల ఇంటి బిడ్డ. పూత ఎప్పుడూ బయటి వైపే వెయ్యాలి, నీళ్లు నెట్టే వైపు. లోపల పూస్తే ఆ నెట్టుడుకు పెచ్చులా ఊడొస్తుంది. అన్న తొందరలో చేసిన తప్పు అదే.

సాయంత్రం మొగుడి చేతులు ఘాటుగా వాసన కొట్టాయి.

“ఏంది వాసన?”

“మోటారు రిపేరు.”

“ఎండిన బోరుకు మోటారెందుకప్పా?”

ఓబిలేష్ తల తిప్పుకున్నాడు. “పోలీసమ్మ మాదిరి అడుగుతాండావే! అన్నం పెట్టు.”

“రేపు యాడికి పోతావు?”

“చేనికే. ఇంగ యాడికి?”

“నీళ్ల మీదికి పోవు గదా?”

“పోనంటి గదా!”

అబద్ధం. మా అన్న కూడా పోనని చెప్పే పోయినాడు, అనుకుంది.

చీకటితోనే అతను వెళ్లిపోయాడు. పొద్దెక్కి నిద్ర లేచిన త్రివేణి గొడ్డలి తీసుకుంది. పడవే లేకుంటే చావెక్కడిది?

చేని దారిలో, గుట్ట మలుపు దగ్గర, ట్రాక్టర్ చప్పుడు వినిపించింది. పడవను రిజర్వాయర్‌కు లాక్కుపోతున్నాడు! పరుగెత్తింది. రొప్పుతూ కొట్టం వెనక్కి వెళ్లి, గొడ్డలి ఎత్తింది.

సగం దాకా మట్టిలో పాతిన పడవలోకి ట్రాక్టర్ ట్యాంకర్ పైపు నీళ్లు నింపుతుంటే, అంచుల చుట్టూ మూతులు దించి వాళ్ల గొర్రెలన్నీ తాగుతున్నాయి.