తారీఖు తప్పిన కంప్యూటర్

చచ్చిపోయినవాడు కోర్టుకు వచ్చి కాదనలేడు. వెంకటరామి ధైర్యమంతా అదే.

మిషన్ స్కూల్లో గుమాస్తాగా చేసి రిటైరైన హనోకు రెండేళ్ళ కిందట పోయాడు. కప్పగల్లు దగ్గర, రోడ్డు పక్కనే ఆయనకు మూడెకరాల పొలం ఉంది. దాని మీద కన్నేసి లారీల యజమాని వెంకటరామి ఎన్నిసార్లు అడిగినా, టీచరుగా చేసిన హనోకు భార్య ఎలిజబెత్ అమ్మనంది.

"ప్రార్థనలు చేసుకునే ముసిల్దానికి రోడ్డు పక్క జాగా ఏమిటికప్పా? నేనైతే పది లారీలు నిలబెట్టుకుంటా" అని వెంకటరామి కనిపించినవాళ్ళందరి దగ్గరా ఎగతాళి చేశాడు.

ఎగతాళికి పొలం రాదు గనక, కాగితం పుట్టించాడు. రెండువేల తొమ్మిదిలోనే హనోకు తనకు ఆ పొలం అమ్మినట్టు అగ్రిమెంటు. పాత స్టాంపు పేపరు దొరికింది. సంతకం దించే మనిషీ దొరికాడు. అంతా విని వకీలు మాత్రం పెదవి విరిచాడు.

"సంతకం దొంగదంటారు. అదే, ఆ కాగితం టైపు చేసిన కంప్యూటరే తెచ్చి పెట్టి, దాంట్లో ఆ నాటి తారీఖు చూపించినామనుకో, ఇంక నోరెత్తరు."

అందుకే వెంకటరామి పాత కంప్యూటర్లు బాగుచేసి అమ్మే గాళెప్పను వెతుక్కుంటూ బళ్ళారి వచ్చాడు. బస్టాండు వెనక సందులో ఇరుకు గది. మూతలు ఊడదీసిన డబ్బాలు, చిక్కుపడిన వైర్లు, వాటి మధ్య దుమ్ము కొట్టుకుపోయిన చొక్కాతో గాళెప్ప. ఇది అంగడా, పాత ఇనుము గుజిరీనా అనుకుంటూ వెంకటరామి ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. కుర్చీ రెండుసార్లు తుడిపించి గానీ కూర్చోలేదు.

"పురానా పీసు ఒకటి కావల్ల. రెండువేల తొమ్మిదికి ముందుది."

"అందరూ కొత్తది కావల్లంటారు. నీకు పాతది ఏమిటికన్నా?"

"నీకెందుకురా అదంతా? అడిగింది ఇయ్యి."

గాళెప్ప ఒక డబ్బా ముందుకు లాక్కుని స్క్రూలు విప్పసాగాడు. ఇంతలో వకీలు ఫోన్ చేశాడు. వెంకటరామి గొంతైనా తగ్గించలేదు.

"ఆ హనోకు పొలం పని మీదే ఉండా సార్. కంప్యూటర్ తీస్తాండా. చెప్పండి, ఈడ ఎవరూ లేరు."

దుమ్ము ఊదుకునేవాడు అతని లెక్కలో మనిషే కాదు.

ఫోన్ పెట్టేసేసరికి గాళెప్ప ఆ డబ్బాను పక్కకు నెట్టేసి, లోపలి నుంచి ఇంకొకటి మోసుకొచ్చాడు.

"దాని బోర్డు పోయిండాదన్నా. ఇది గట్టి మాలు."

బ్లోయరు పెట్టి దుమ్ము ఊదాడు. ర్యామ్ ముక్కను పీకి, దాని పసుపు పళ్ళను పెన్సిలు రబ్బరుతో రుద్ది మళ్ళీ గుచ్చాడు. ప్రాసెసర్ మీద ఎండిపోయిన పేస్టు గీకేసి కొత్తది పూశాడు. గరగరమంటున్న ఫ్యానుకు చుక్క నూనె వేశాడు. డిస్కు మొత్తం తుడిచేసి, ఆ కాలపు విండోస్, కన్నడ టైపింగు ఎక్కించాడు. సాయంత్రానికి తెర వెలిగింది. తారీఖు మాత్రం ఎప్పుడో ఇరవై ఏళ్ళ కిందటిది చూపిస్తోంది.

"లోపల రూపాయి బిళ్ళంత సెల్లు ఉంటాదన్నా, అది పోయిండాది. అది లేకుంటే దీనికి తారీఖు గుర్తుండేల్దు. మనం ఏది చెప్తే అదే నమ్ముతాది. కొత్తది ఏద్దునా?"

"బేడ బేడ. అట్లే ఉండనీ."

వారం రోజులుగా ఎవరిని అడగాలా అని తంటాలు పడుతున్న విద్యను ఈ మొద్దు ఊరికే నేర్పించేశాడు! వెంకటరామి బిల్లు కూడా వద్దని కంప్యూటర్‌ను కారులో పెట్టించుకున్నాడు. ఇంటికెళ్ళి తారీఖును రెండువేల తొమ్మిది మార్చికి తిప్పి, అగ్రిమెంటు టైపు చేసి అందులోనే దాచాడు. కేసు వేసి, డబ్బా వెనకాల చీటీ మీదున్న నంబరు కూడా కేసు కాగితాల్లో రాయించి మరీ కంప్యూటర్‌ను కోర్టుకు అప్పజెప్పాడు.

ఎలిజబెత్ తరఫున వచ్చిన వకీలు షెకైనా అనే చిన్న వయసు అమ్మాయి. ఆమెను చూసి బోనులో ఉన్న వెంకటరామికి నవ్వొచ్చింది.

"ఈ కంప్యూటర్ మీ దగ్గర ఎప్పటి నుంచి ఉంది?" అని అడిగిందామె.

"రెండువేల ఎనిమిదిలో కొన్నా. అప్పట్నుంచి మా ఇంటి గడప దాటలేదు. హనోకే మా ఇంటికొచ్చి, దీని ముందర కూర్చోని టైపు చేసినాడు."

"మధ్యలో ఇంకెవరి చేతికీ పోలేదా?"

"లేదమ్మా. ఎన్నిసార్లు చెప్పల్ల?"

ఆమె కూర్చుంది. ఇంతేనా అనుకున్నాడు వెంకటరామి.

తర్వాత సాక్షిగా గాళెప్పను పిలిచారు. వెంకటరామి ఉలిక్కిపడి తలెత్తి చూశాడు. ఆ వెంటనే కుదుటపడ్డాడు. ఏమంటాడు? తన అంగడిలో కొన్నాడంటాడు. బిల్లు ఏదీ? ఇన్ని లారీలున్నవాడి మాట ముందు ఈ దుమ్ముగొట్టు మనిషి మాట ఎవడు నమ్ముతాడు?

గాళెప్ప బోనెక్కి జడ్జికి దండం పెట్టాడు. హనోకు ఈ కంప్యూటర్ మీద టైపు చేశాడన్న మాట నిజమేనా అని షెకైనా అడిగింది.

"నిజమే సామీ" అన్నాడు గాళెప్ప. "హనోకు సారు దీని ముందర కూర్చోని టైపు చేసేది నేనే చూసినా."

వెంకటరామి ఎలిజబెత్ వైపు తిరిగి మీసం దువ్వాడు.

"కానీ వెంకటరామన్న ఇంట్లో కాదు, సారు ఇంట్లో. ఇది ఆయప్ప సొంత కంప్యూటరే సామీ, టీచరమ్మ నాకు అమ్మింది మొన్న ఎండాకాలంలో. సారు దీన్ని కొన్నప్పుడు ఇదే నంబరు ఏసి ఆయప్ప పేరు మీద రాసిన బిల్లు అదో, ఆయమ్మ చేతిలోనే ఉండాది."