ఒక్కటి పంపబోయి

ఎంటర్ నొక్కాక గానీ అల్లుడికి తానేం చేశాడో తెలిసిరాలేదు. పంపాల్సింది ఒక్క బ్రాంచి. దాని పేరు టైపు చేయడానికి బద్ధకించి, అన్నీ పంపేయమనే కమాండ్ కొట్టాడు. బ్రాంచంటే ఒక్కో పనికీ విడిగా పెట్టుకునే కోడు కాపీ; పేరు ఎవరిష్టం వాళ్ళది. లాప్‌టాప్‌లో గుట్టుగా దాచుకున్నవన్నీ ఇప్పుడు పేర్లతో సహా వెళ్ళి ఆఫీసు సర్వర్లో కూర్చున్నాయి.

ఆఫీసులో అతన్ని అందరూ అల్లుడనే పిలుస్తారు. కుర్చీలో ఆ వాలకం అలాంటిది. ఇప్పుడు మాత్రం నిటారుగా ఉన్నాడు.

"ఒరేయ్ అల్లుడూ, సర్వర్లో ఇవేంట్రా?" పక్క సీటు టెస్టరక్క నవ్వాపుకోలేకపోతోంది. "'ముక్కోపి మళ్ళీ మాట మార్చాడు'... ఎవరీ ముక్కోపి?"

"మెల్లిగా అక్కా! ఇంకెవరు, మన లీడరే."

"'చాదస్తపు బటన్'?"

"అదీ ఆయనే."

"'మీసాలాయన కొత్త పిచ్చి'?"

"అన్నీ ఆయనే! నీకు పుణ్యముంటుంది, చదవకక్కా."

"నేను మానేస్తే ఆయన మానేస్తాడా? ముందు తీసెయ్."

గబగబా తీసెయ్యబోయాడు. సర్వర్ ససేమిరా అంది. పంపడం ఎవరైనా పంపొచ్చు, తీసేసే అధికారం ఒక్క లీడరుకే ఉంది. అల్లుడి పై ప్రాణాలు పైనే పోయాయి. మొన్ననే, ఎదురు మాట్లాడాడని ఒకణ్ణి ఇంటికి పంపించేసిన మనిషాయన.

"వెళ్ళి కాళ్ళ మీద పడు," అంది అక్క. "ఉద్యోగం దక్కితే అదే పదివేలు."

లీడరు అప్పటికే ఆ లిస్టు తెరిచి, కళ్ళజోడు సర్దుకుని మరీ చదువుతున్నాడు.

"తప్పయిపోయింది సార్. బుద్ధి గడ్డి తిని..."

"ముక్కోపంటే నేనేనా?"

"...సార్."

"మీసాలాయన?"

అల్లుడు నేలచూపులు చూశాడు. ఉన్నట్టుండి నవ్వు వినిపించింది. తలెత్తితే, లీడరు పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు.

"ఓస్, ఇంతేనా! ఇంట్లో మా ఆవిడ పెట్టిన పేర్లు వింటే, ఇవి ముద్దుపేర్లంటావు. కూర్చో."

ఒక్కొక్కటే తీసేయడం మొదలుపెట్టాడు. ముక్కోపి పోయాడు. చాదస్తం పోయింది. కొత్త పిచ్చీ వదిలింది. అల్లుడికి ప్రాణం లేచొచ్చింది. ఇంత మంచి మనిషినా ఇన్నాళ్ళూ ఆడిపోసుకున్నానని సిగ్గు కూడా వేసింది.

"చాలా థాంక్స్ సార్. ఇంక వెళ్ళనా?"

"ఆగాగు, ఇంకోటుంది." లీడరు తెర మీదికి వంగాడు. "తిట్లన్నీ తీసేశాను గానీ అల్లుడుగారూ, ఇదొక్కటీ తిట్టులా లేదే... 'పని మొత్తం అయిపోయింది, వచ్చే నెల దాకా చెప్పొద్దు'!"