పదిహేనో నంబరు

"తీగ పీకి మళ్ళీ పెట్టావా చిన్న మావయ్యా?"

"పదిసార్లు పెట్టాను. నువ్వు చూస్తున్నంతసేపూ బుద్ధిగా ఉంటుంది. నువ్వటు తిరగ్గానే చస్తుంది."

మేనకోడలు ఖాళీ ట్రేల దొంతర మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది. ఎదురుగా ఇంక్యుబేటర్, దాని నెత్తిన అరచేతిలో పట్టేంత లైనక్స్ కంప్యూటరు. లోపల నాలుగు వందల కోడిగుడ్లు. వేడి ఒక్క డిగ్రీ అటూఇటూ అయితే ఆ కంప్యూటరు చిన్న మావయ్య ఫోనుకి కబురు పంపాలి. మూడు రోజులుగా దానికి ఇష్టమైతే పంపుతోంది, లేకపోతే లేదు. ఎల్లుండికి పిల్లలు బయటికి రావాలి. ఈ విడత పోతే ఆయన హేచరీ మూసుకోవాల్సిందే. అందుకే థర్మామీటరు పట్టుకుని పెట్టె పక్కనే కాపురం పెట్టాడు.

మేనకోడలు సెట్టింగులు తెరిచింది. "నంబరు పదిహేను. స్టాటిక్."

"అంటే?"

"ఇంటి నంబరు లాంటిది. కరెంటు పోయొచ్చినా మారదు. నీ ఫోను ఎప్పుడూ ఆ నంబరుకే వెళ్ళి తలుపు తడుతుంది."

"మారకపోతే మంచిదేగా?"

"మంచిదే. మరి రోగం ఎక్కడుందో!"

రూటరు నంబరు సరిగ్గానే ఉంది. తీగ మార్చింది. లైటు వెలిగింది. లాప్‌టాప్ నుంచి పదిహేనుని పిలిస్తే పలికింది. కాసేపు పలికి, ఆగి, మళ్ళీ పలికింది. ఆమెకి ఏదో అనుమానం వచ్చి కంప్యూటరు తీగ పీకేసి మళ్ళీ పిలిచింది. పదిహేను చక్కగా పలికింది.

"తీగ నా చేతిలో ఉంది మావయ్యా. మరి పలికేదెవరు?"

చిన్న మావయ్య చెక్కగోడ వైపు చూశాడు.

రెండేళ్ళ క్రితం అన్నదమ్ములిద్దరూ విడిపోయి హేచరీ మధ్యలో ఆ చెక్క దించారు. ఇంటర్నెట్ లైను మాత్రం తాతయ్య పేరున ఉండిపోయింది. దాన్ని నిలువునా కొయ్యడం కుదరక రూటరుని గోడ నెత్తిన పెట్టి చెరో పక్కకీ తీగ లాక్కున్నారు. అప్పట్నుంచీ మాటల్లేవు. చెప్పాల్సిందేమైనా ఉంటే ఎవరి గుడ్లకు వాళ్ళు గట్టిగా చెప్పుకుంటారు.

మేనకోడలు నాలిక్కరుచుకుంది. పోయినవారం పెద్ద మావయ్య ఆమెని పిలిచి, "తమ్ముడి దగ్గరేముందో నాకూ అచ్చం అదే పెట్టు. చుక్క తేడా రాకూడదు," అన్నాడు. ఆమె చిన్న మావయ్య కంప్యూటర్లోని మెమరీ కార్డుని ఉన్నదున్నట్టు కాపీ చేసి ఇచ్చింది. చుక్క తేడా రాలేదు. నంబరు కూడా.

చుట్టూ తిరిగి అవతలికి వెళ్ళింది. పెద్ద మావయ్య కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. ఆయన చేతిలోనూ థర్మామీటరే.

"నీదీ ఆగుతోందా?"

"ఆగితే మాత్రం? నేనెవర్నైనా పిలిచానా?"

"తప్పు నాదే. ఇద్దరికీ ఒకే నంబరు పడింది. ఒకళ్ళు మార్చుకుంటే చాలు. నువ్వు పెట్టుకున్న కొత్త పాస్‌వర్డ్ చెప్పు, మార్చేస్తా."

"చెప్పను. నువ్వు నేర్పిందంతా నోటుబుక్కులో రాసుకున్నాను. మార్చాలంటే నేనే మార్చుకోగలను. మార్చను. పెద్దవాణ్ణి నేను. వాణ్ణే మార్చుకోమను."

ఇవతలికి వచ్చేసరికి చిన్న మావయ్య సిద్ధంగా ఉన్నాడు. "అంతా విన్నాను. ముందు పెట్టుకున్నది నేను. ఆయన్నే మార్చుకోమను."

"మీ పంతాలు మండ! మధ్యలో పోయేవి గుడ్లు."

చిన్న మావయ్య ఇంక్యుబేటరు అద్దంలోంచి ట్రేలని చూస్తూ కూర్చున్నాడు.

"అవతలెన్ని?" అన్నాడు.

"ఆరు వందలు."

"ఎన్నో రోజు?"

"నీలాగే. పంతొమ్మిది."

"ఆరు వందలా! అన్నయ్యకి చిన్నప్పట్నుంచీ నిద్ర ఆగదే. పరీక్షలప్పుడు కూడా పుస్తకం మీదే పడి నిద్రపోయేవాడు. మూడు రోజులంటే..."

ఆయనకి జాలేసింది. జాలేసినందుకు కోపమూ వచ్చింది. గొంతు బాగా తగ్గించాడు. ఈ గదిలో ఆయన అంత మెల్లగా మాట్లాడి రెండేళ్ళయింది.

"నాదే మార్చెయ్. ఆయనకి మాత్రం చెప్పకు. నేను తగ్గానని తెలిస్తే నెత్తికెక్కి కూర్చుంటాడు."

"ఏ నంబరు పెట్టమంటావు?"

"ఇరవై ఒకటి. గుడ్డు పిల్లయ్యే లెక్క. ఈ పనిలో ఉన్నవాడు చచ్చినా మర్చిపోని అంకె."

మేనకోడలు ముందు ఇరవై ఒకటిని పిలిచి చూసింది. ఎవరూ పలకలేదు. ఖాళీగానే ఉంది. కంప్యూటర్లోనూ మావయ్య ఫోన్లోనూ నంబరు మార్చి, మెమరీ కార్డు కదలకుండా ఉందో లేదో ఓసారి చూసి, కంప్యూటరుని ఆపి మళ్ళీ వెలిగించింది. అది లేచేదాకా ఇద్దరూ థర్మామీటరు మీంచి కళ్ళు తిప్పలేదు. చెక్క అవతల అలికిడి లేదు.

"నిద్రపోయినట్టున్నాడు," అన్నాడు చిన్న మావయ్య. "చూశావా! పంతం నెగ్గించుకుని హాయిగా పడుకున్నాడు."

ఫోను మోగింది. వేడి సరిగ్గా ఉందని కబురు. మావయ్య ముఖం విచ్చుకుంది. రెండో కబురూ వచ్చింది. మూడోది రాలేదు.

మేనకోడలు ఇరవై ఒకటిని పిలిచింది. పలికింది. ఆగింది. మళ్ళీ పలికింది.

"మళ్ళీ అదే రోగం!" మావయ్య లేచి నిలబడ్డాడు. "నిన్ను నమ్మి అనవసరంగా తగ్గాను చూడు!"

ఆమె తీగ పీకి చేతిలో పట్టుకుంది. పదిహేనుని పిలిచింది. ఎవరూ పలకలేదు. ఇరవై ఒకటిని పిలిచింది. వెంటనే పలికింది.

చెక్క అవతల పెద్ద మావయ్య కూడా నంబరు మార్చేసుకున్నాడు.