జింకకందని జింకు తొట్టె

"జింకలకా? జింకలకు తొట్లు మేమమ్మం. అవి నాకడానికి ఉప్పుదిమ్మలున్నాయి, ఇమ్మంటావా?" అన్నాడు గస్, కొట్టు బల్ల మీంచి చెవి ముందుకు చాపి.

"జింకలకు కాదయ్యా చెవిటి మాలోకమా! జింకువి! జింకలకు అందకుండా జింకు తొట్లు!" అని అరిచాడు డెల్బర్ట్.

"అరవకు. ఇప్పుడూ జింకలనే అన్నావు."

గస్‌ది ఆ ఊరి ఎరువుల కొట్టు. ఏటా వ్యవసాయ ప్రదర్శనలో గంజాయి మొక్కల పోటీకి న్యాయనిర్ణేత కూడా ఆయనే. అమెరికాలోని ఆ ఒరెగాన్ కొండల్లో ఇంటికి నాలుగు మొక్కలు చట్టం ఇచ్చిన వరం. అందుకని గుమ్మడికాయల బల్ల పక్కనే గంజాయికీ ఒక బల్ల వేస్తారు. పూత రాని మొక్కలే తేవాలి. ఎన్ని కొమ్మలుంటే అంత గొప్ప.

మూడేళ్ళుగా మొదటి బహుమతి నీలం రిబ్బను డెల్బర్ట్‌దే. స్కూలు బస్సు నడిపి రిటైరైన అతనికి ఊళ్ళో మిగిలిన పరువంతా ఆ మూడు రిబ్బన్లు కుట్టిన టోపీలోనే ఉంది. స్నానానికి మాత్రం తీస్తాడని వినికిడి.

"నాది కత్తెర తగలని మొక్క," అన్నాడు డెల్బర్ట్ టోపీ సర్దుకుంటూ. "ప్రకృతి ఎలా పెంచితే అలా పెరుగుతుంది. నా చెయ్యి నీళ్ళు పొయ్యడానికే."

"ఏటా జింక వచ్చి మేసి పోతోందన్నావుగా?"

"అదే నేను చెప్పేది! తినగా మిగిలినదానికే మొదటి బహుమతి వచ్చింది. తినకపోతే ఏమొస్తుందో ఊహించుకో!"

గస్ ఊహించుకోలేదు. తొట్టె అమ్ముకున్నాడు.

డెల్బర్ట్ తొట్టెను బల్ల మీద పెట్టి మట్టి నింపుతుంటే కంచె అవతల వెర్నా నిలబడి చూసింది. పక్కింటావిడ. ఒకప్పుడు స్కూల్లో పిల్లలకు కుట్టుపని నేర్పిన మనిషి. ఇప్పుడు కీళ్ళవాతంతో కత్తెర కూడా పట్టుకోలేదు. ఈ ఏడే సరదాపడి ఒక మొక్క పెట్టింది.

"ఆ ఎత్తు చాలదు డెల్బర్టూ. జింక వెనక్కాళ్ళ మీద లేస్తుంది. మా షెడ్డులో ఖాళీ సారా పీపాలున్నాయి, పట్టుకెళ్ళు."

"పోటీలో దిగుతూ నాకే సాయమా? నీ మనసు బంగారం వెర్నా."

"బంగారమేం కాదులే. పట్టుకెళ్ళు ముందు."

పీపా మీద పీపా, దాని మీద జింకు తొట్టె, అందులో మొక్క. నీళ్ళు పొయ్యాలంటే నిచ్చెన వెయ్యాల్సిందే. "మత్తెక్కకుండానే డెల్బర్ట్ ఎత్తెక్కాడు" అని ఊరంతా నవ్వింది. అయినా అతనికి నమ్మకం చాలక, తెల్లారగట్ల జింక పెరట్లో కనిపిస్తే చాలు, ఇనప పళ్ళెం మీద గరిటెతో వాయించేవాడు.

"ఆ మోత ఆపవయ్యా మహానుభావా!" అంది వెర్నా ఒకరోజు. "మా క్లైడు హడలిపోతున్నాడు."

"క్లైడెవడు?"

"నా మొక్క చూసేవాడు. పై చిగురు తుంచడంలో వాడి తర్వాతే ఎవరైనా. అది పోతే పక్కనుంచి రెండు కొమ్మలొస్తాయి తెలుసా? నాకేమో వేళ్ళు వంగవు."

"కూలెంతిస్తున్నావు?"

"డబ్బు ముట్టడు. నేలమాళిగలో నిరుటి ఆపిల్ పళ్ళుంటే పెడుతున్నాను."

డబ్బు ముట్టని గడ్డాలవాళ్ళకు ఆ కొండల్లో కొదవలేదు. ఎవడో పాత హిప్పీ అయ్యుంటాడని డెల్బర్ట్ తేల్చేశాడు.

"పరాయివాడి చేత తుంచించుకుని నా మీద గెలుస్తావా? ప్రకృతి ముందు నీ క్లైడెంత? వాడికేమన్నా కొమ్ములున్నాయా?"

"నీకున్నంత టోపీ మాత్రం లేదులే," అని వెర్నా లోపలికి వెళ్ళిపోయింది.

ప్రదర్శన రోజున డెల్బర్ట్ తన మొక్కను దుప్పటి కప్పి పెళ్ళికూతురిలా తెచ్చాడు. నాలుగో రిబ్బనుకు టోపీ మీద చోటు కూడా ఉంచాడు. అందరూ చూస్తుండగా దుప్పటి లాగాడు.

ఒక్క ఆకు చిరగలేదు. ఒక్క చిగురు తెగలేదు. జెండా కర్రలా నిలువునా నిక్కి నిలబడింది. పక్క కొమ్మలు లేకపోలేదు, మొహమాటానికి ఉన్నాయి.

"ఇది మొక్కా, యాంటెన్నానా?" అన్నాడు గస్.

వెర్నా మొక్క బోర్లించిన గంపలా ఉంది. గస్ దాని కొమ్మలు లెక్కపెడుతూ రెండుసార్లు తప్పాడు. నీలం రిబ్బను ఆవిడకే ఇచ్చాడు.

"అన్యాయం!" అని లేచాడు డెల్బర్ట్. "అది ఆవిడ పెంచింది కాదు! క్లైడని ఒకణ్ణి పెట్టుకుంది. పిలవండి వాణ్ణి స్టేజీ మీదికి! మొహం చూద్దాం!"

"క్లైడు గారు ఎక్కడున్నా రావాలి," అన్నాడు గస్ మైకులో. ఎవరూ రాలేదు.

వెర్నా మైకు అందుకుంది. "వాడికి జనమంటే భయం. కానీ పనిమంతుడు. మూడేళ్ళూ డెల్బర్ట్ దగ్గరే చేశాడు. ఆ టోపీ మీద రిబ్బన్లన్నీ వాడి కష్టమే. ఈ ఏడు అక్కడ పని లేకుండా చేస్తే మా ఇంటికొచ్చాడు."

"పచ్చి అబద్ధం! నా మొక్కను నేను తప్ప మనిషన్నవాడు ముట్టలేదు!"

"నేనూ అదే అంటున్నా," అంటూ వెర్నా ఫోను తీసి జనం వైపు తిప్పింది.

ముందు వరుస గొల్లుమంది. వెనక వరుస బల్లలెక్కింది. డెల్బర్ట్ అందర్నీ తోసుకుంటూ వచ్చి చూశాడు. చూసి, మెల్లగా టోపీ తీశాడు.

ఫొటోలో క్లైడుకు కొమ్ములున్నాయి.