దియ పెట్టిన పాట

కళ్ళు తెరవకూడదనుకున్నాడు వీరభద్రం. తెరిచాడు. ముక్కుకి జానెడు దూరంలో తెల్లటి పైకప్పు. భుజాలకి అటూ ఇటూ ఆనుకుని గొట్టం గోడలు. తల కదలకుండా ఓ ప్లాస్టిక్ చట్రం.

ఎం.ఆర్.ఐ. గొట్టంలోకి వెళ్ళడం అతనికిది మూడోసారి. మొదటి రెండుసార్లూ బల్ల లోపలికి జరగడమే ఆలస్యం, ఎడమచేతిలో పెట్టిన రబ్బరు బంతి నొక్కేశాడు. భయమేస్తే నొక్కమన్నారు మరి. మెషీన్ పని మొదలుపెట్టకముందే బయటికి వచ్చి పడ్డాడు. పేరుకే వీరభద్రులు అంది భార్య వసంతలక్ష్మి.

నవ్వులాట కాదు. మెడలో నరం నలిగి కుడిచేతి వేళ్ళు మొద్దుబారాయి. చొక్కా బొత్తాలు కూడా వసంతలక్ష్మే పెడుతోంది. స్కాన్ చూడనిదే ఆపరేషన్ మాట ఎత్తనన్నాడు సర్జన్. ఇంకా నాన్చితే ఆ వేళ్ళు ఇక ఎప్పటికీ మాట వినకపోవచ్చనీ అన్నాడు.

ఇవాళ కారు నడిపి తీసుకొచ్చింది కూతురు దియ. హైస్కూల్ ఆఖరి ఏడు చదువుతోంది. షికాగో పక్కన నేపర్‌విల్‌లో ఇంటి దగ్గర బయల్దేరి హాస్పిటల్ చేరేదాకా పెదవి విప్పలేదు. దానికి కారణం ఓ పాట.

స్వీడన్‌దో డెన్మార్క్‌దో ఆ పాట. రెండువేల పది వేసవంతా ఊళ్ళని ఊపేసింది. గ్యాస్ స్టేషన్‌లో అదే. షికాగో ట్రైన్‌లో పక్కవాడి చెవుల్లోంచి అదే. ఇండియన్ స్టోర్‌లో పొద్దున్నే దేవుడి పాటలయ్యాక అదే. ఏ భాషో ఎవరికీ తెలియదు. పల్లవి మాత్రం వసంతలక్ష్మి చెవికి ‘దంచు దంచు’ అని వినబడింది. అంతే, మనవాళ్ళలో దాని పేరు దంచు పాట అయిపోయింది. తలా ఓ వంట తెచ్చుకునే పాట్‌లక్‌లలో ఆంటీలు సైతం రోకలి పట్టినట్టు చేతులు ఊపుతూ ఆడారు.

తెలుగు సంఘం దీపావళి ప్రోగ్రాంకి దియ, ఆమె స్నేహితురాళ్ళు ఆ పాటే ఎంచుకున్నారు. వేసవంతా ప్రాక్టీస్ చేశారు. కల్చరల్ కమిటీ తరఫున రిహార్సల్ చూడటానికి వెళ్ళిన వీరభద్రం పాట సగంలో ఆపించాడు.

“ఏమిటీ ఊకదంపుడు? ఇది పాట కాదు, మెషీన్ చప్పుడు” అన్నాడు, అందరి ముందూ.

ఆ రోజు నుంచి దియ అతనితో ‘యా’, ‘నో’ తప్ప మాట్లాడటం మానేసింది.

ఇందాక హెడ్‌ఫోన్స్ తగిలిస్తూ ఏ సంగీతం కావాలని అడిగింది టెక్నీషియన్. కర్ణాటక సంగీతంలో వేణువు ఉంటే మంచిదన్నాడు. ఆమె తెల్లమొహం వేసింది. గుమ్మం అవతల నిలబడ్డ దియ బ్యాగ్‌లోంచి ఐపాడ్ తీసింది.

“సాంగ్ నేను చూస్తాను నాన్నా. నువ్వు జస్ట్ కదలకు.”

ఇన్నాళ్ళకి కూతురు తనతో అన్న నిండు మాట అదొక్కటే.

తలుపు మూసుకుంది. మైకులో టెక్నీషియన్ ఏదో చెప్పింది. గుండెదడలో ‘సారీ’ అన్న ముక్క ఒక్కటే అందింది. ఈ దేశంలో దారి అడగడానికీ సారీయే, దారి ఇవ్వడానికీ సారీయే. పట్టించుకోలేదు.

గోడలు దగ్గరికి జరుగుతున్నట్టున్నాయి. ఊపిరి అందడం లేదు. వేళ్ళు బంతి మీద బిగుసుకున్నాయి. నొక్కబోతుండగా మొదలైంది.

దంచు దంచు దంచు దంచు.

ఒళ్ళు మండిపోయింది వీరభద్రానికి. లోకంలో ఇన్ని పాటలుండగా ఇదా? కట్టిపడేసినట్టున్న మనిషి చెవిలో పోసి మరీ కసి తీర్చుకుంటోంది పిల్ల. బయటికెళ్ళాక దులిపేయాలి. ఏమని దులపాలో మాటలు వెతుక్కుంటుండగానే పాట ఆగింది. ఆ కాసేపూ తను గొట్టంలో ఉన్న సంగతే గుర్తులేదు.

ఆగగానే గుర్తొచ్చింది. మళ్ళీ చెమట. మళ్ళీ బంతి.

మళ్ళీ పాట. ఈసారి కీచుగా, ఇంకా వేగంగా. రీమిక్స్ కాబోలు. గాయని గొంతు సరిగ్గా తెలియడం లేదు. ఆ పాటలో గొంతుకి పనేముంది గనక, ఉన్నదంతా దరువే. ఇంట్లో విని విని మాటలు అతనికీ వచ్చేశాయి. పెదవి కదపకుండా లోలోపలే అందుకున్నాడు. ఎక్కడ దియ గిర్రున తిరిగేదో, ఎక్కడ చెయ్యి పైకెత్తేదో కళ్ళకు కట్టింది. తను ఆపించినప్పుడు ఆ చెయ్యి అలా గాల్లోనే ఉండిపోవడమూ కనబడింది.

మూడో రీమిక్స్‌కి కాలి బొటనవేలు ఊగబోయింది. పళ్ళబిగువున ఆపుకున్నాడు. నాలుగోది అయ్యేసరికి ఇంకొకటి ఉంటే బావుండుననిపించింది.

బల్ల బయటికి జరిగింది. స్కాన్ చక్కగా వచ్చిందని భుజం తట్టింది టెక్నీషియన్.

బయట కుర్చీలోంచి దియ లేచి నిలబడింది. “బాల్ నొక్కలేదా?”

“నొక్కనిచ్చావా? దొంగపిల్లా, ఆఖరికి నీ దంచు పాటే పెట్టించావు.” వీరభద్రం మొహం తుడుచుకున్నాడు. “పోనీలే. నేనే సరిగ్గా వినలేదు అప్పుడు. బావుంది పాట. దీపావళికి మీరు అదే చెయ్యండి, కమిటీకి నేను చెప్తాను.”

దియ కళ్ళు మెరిశాయి. అంతలోనే చేతిలోని ఐపాడ్ వైపు చూసుకుంది. దాని చుట్టూ తీగ చుట్టింది చుట్టినట్టే ఉంది.

“కానీ నాన్నా, హెడ్‌ఫోన్స్‌లో మ్యూజిక్ వర్క్ అవట్లేదని ఆ లేడీ నీకు సారీ చెప్పింది కదా” అంది మెల్లగా. “నువ్వు విన్నది పాట కాదు, మెషీన్ చప్పుడు.”