నాలుగో స్క్రూ

"ఇది నేను పెట్టిన పేస్టు కాదు వదినా," అన్నాడు మరిది.

కంప్యూటర్లోంచి తీసిన గ్రాఫిక్స్ కార్డు బల్ల మీద విప్పి పెట్టి ఉంది. ఫ్యాన్లు ఒక పక్క, పలక ఒక పక్క. పలక మధ్యలో చిప్పు మీద ఎండి పెచ్చులు కట్టిన గులాబీ రంగు ముద్ద.

వదిన ముక్కు తుడుచుకుంటూ వంగి చూసింది. తను చేసిన రెండు నిమిషాల బొమ్మల చిత్రం సాయంత్రానికల్లా స్టూడియోకి పంపితేనే ఆమెకి ఉద్యోగం. చూస్తే కంప్యూటరేమో నాలుగు రోజులుగా చిత్రం సగం తయారయ్యేసరికి కుంపటిలా కాగి ఆగిపోతోంది.

"చిప్పు వేడిని ఫ్యాన్ల కింద ఉండే ఈ రేకులకి దాటించడానికి పేస్టు పూస్తాం. అది బూడిద రంగులో ఉంటుంది. ఆదివారం నేను పూసింది అదే." మరిది గోటితో గీకి వాసన చూశాడు. "ఇది పళ్ళు తోముకునే పేస్టు. తడిగా ఉన్నన్నాళ్ళు ఎలాగో లాక్కొస్తుంది. ఎండాక వేడి ఎక్కడిదక్కడే."

ఆమె కూడా వాసన చూసింది. జలుబు ముక్కుకి ఏమీ తెలియలేదు. రంగు మాత్రం కనిపిస్తూనే ఉంది.

"మా ఇంట్లో తెల్ల పేస్టు తప్ప వాడం. మీ గదిలో నలుగురు కుర్రాళ్ళు, నాలుగు రంగుల పేస్టులు. నువ్వే అన్నావోసారి."

"అయితే?"

"అయితే ఏముంది. అసలుది అయిపోయుంటుంది. బజారుదాకా పోవడానికి బద్ధకం. వదినే కదా, ఏం తెలుస్తుందిలే అనుకున్నావు."

మరిది బల్ల మీది స్క్రూలు ముందుకి జరిపాడు. "స్క్రూలు నాలుగు బిగించాను. ఇప్పుడు మూడే ఉన్నాయి. నా తర్వాత ఎవరో విప్పారు."

"ఎవరు విప్పుతారు? సోమవారం తెల్లారకుండానే మీ అన్నయ్య క్యాంపుకి వెళ్ళిపోయారు. నిన్న వచ్చారు. ఇంట్లో ఉన్నది నేనొక్కదాన్నే. నా కొంపకి నేనే నిప్పు పెట్టుకున్నానా?"

"అన్నయ్యనే అడుగు. నేను పూస్తుంటే టార్చి పట్టుకుంది తనేగా."

అన్న టీ గ్లాసుతో గుమ్మంలోకి వచ్చాడు. "మధ్యలో నన్నెందుకు లాగుతారర్రా?"

"నేను పూసింది ఏ రంగు అన్నయ్యా?"

అన్న చిప్పు వంక చూశాడు. నింపాదిగా ఒక గుక్క తాగాడు.

"గులాబీగానే ఉన్నట్టు గుర్తురా. పోనీలే, పొరపాటైందని ఒక్క మాట అనేయి. మీ వదిన ఏమీ అనుకోదు."

మరిది అన్న మొహంలోకి అలాగే చూస్తుండిపోయాడు.

వదిన మరిది వైపు తిరిగింది. ఈ పని చేసింది ఏ ముక్కూ మొహం తెలియనివాడో అయితే ఇంత బాధ ఉండేది కాదు. "సొంత తమ్ముడికన్నా ఎక్కువగా చూసుకున్నాను నిన్ను. ఈ ఉద్యోగం కోసం ఎంత తపిస్తున్నానో నీకు తెలుసు. తెలిసే తడిగుడ్డతో గొంతు కోశావు. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడని ఊరికే అనలేదు."

మరిది పనిలోకి దిగాడు. చిప్పు శుభ్రంగా తుడిచాడు. సంచిలోంచి కొత్త ట్యూబు తీసి, బఠాణీ గింజంత బూడిద రంగు పేస్టు పెట్టి పల్చగా పరిచాడు. నాలుగో స్క్రూ కూడా తన సంచిలోదే వెతికి బిగించాడు. కార్డు లోపల పెట్టి కంప్యూటర్ ఆన్ చేశాడు. తెర మీద వేడి చూపించే అంకె పైకి ఎక్కలేదు. ఆగిపోయిన చిత్రం మళ్ళీ కదిలింది.

"నాలుగింటికల్లా అయిపోతుంది. పంపించేయి," అన్నాడు సంచి భుజాన వేసుకుంటూ. "ఉద్యోగం వస్తే నాకేం చెప్పక్కర్లేదు. ఇక ఈ గడప తొక్కను."

ఆమె ఆపలేదు. తలుపు మూసుకున్నాక మాత్రం ఏడుపు ఆగలేదు. భర్త వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు.

"ఊరుకో. వాడి తీరే అంత. చిన్నప్పటినుంచీ ఏదీ సరిగ్గా చేసి చావడు."

"అంత నమ్మానండీ."

"అందుకే ఎవర్నీ నమ్మకూడదు. నేనున్నానుగా నీకు." చెంపలు తుడిచాడు. "అయినా ఆ ఉద్యోగం రాకపోతే కొంపలేం మునిగిపోవు. అంత దూరం పోయి, ఎవరో వండింది తిని, నెలకోసారి చుట్టంలా ఇంటికి రావడం. నువ్వు లేకపోతే ఇది ఇల్లులా ఉంటుందా?"

ఆ మాటకి ఆమె ప్రాణం కాస్త కుదుటపడింది. ఈ లోకంలో తనకంటూ ఈ ఒక్క మనిషైనా ఉన్నాడనుకుంది. గట్టిగా చీదింది.

"జలుబు ముదిరినట్టుంది. ఉండు, మాత్ర తెస్తాను," అని భర్త చెప్పులేసుకుని బయటికి వెళ్ళాడు.

కంప్యూటర్ చల్లగా, చప్పుడు లేకుండా పనిచేసుకుంటోంది. ముప్పావు వంతు అయిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది ఆమెకి, ఆయన క్యాంపు బ్యాగులో ఎప్పుడూ మాత్రలుంటాయి కదా, అనవసరంగా బజారుకి పంపానే అని. నిన్న వచ్చినప్పటినుంచీ బ్యాగు మంచం కిందే ఉంది. లాగి, పక్క జిప్పు తెరిచింది.

దువ్వెన, గడ్డం గీసుకునే సామాను, అడుగున మాత్రల అట్ట. మాత్రలు దొరికాయని చెబుదామని ఒక చేత్తో భర్తకి ఫోను కలుపుతూ, రెండో చేత్తో అట్టని పైకి లాగింది. దాంతోపాటు సగం వాడిన చిన్న పేస్టు ట్యూబు ఒకటి బయటికి వచ్చింది.

మూత ఊడిపోయిన దాని మూతికి గులాబీ రంగు పేస్టు ఎండి గడ్డ కట్టి ఉంది. ఆ గడ్డలో చిన్న నల్ల స్క్రూ ఒకటి ఇరుక్కుని ఉంది.