రోలు లేని చోటు

ఆ పెరట్లో ఒక రోలు ఉండేది. చీమలు దాని చుట్టూ తిరిగి పుట్టకి చేరేవి. ఇంటివాళ్ళు మిక్సీ కొనుక్కుని రోలు తీయించేశారు. నేల చదునైపోయింది. అయినా చీమల బారు అక్కడికి రాగానే పక్కకి మళ్ళి, లేని రోలు చుట్టూ తిరిగే వెళ్తూ ఉండేది.

ఒకరోజు వాన మబ్బు పట్టింది. నూకగింజ మోస్తున్న కుంటి చీమ, తిరిగే ఓపిక లేక తిన్నగా నడిచేసింది. బారంతా ఆగిపోయింది.

"ఏమే, రోలు మీంచే వచ్చేస్తావా?" అంది ముందు నడిచే పెద్ద చీమ.

"రోలేదక్కా? నా కాలికేం తగల్లేదే."

పెద్ద చీమ ఆ చదును నేలకేసి చూసింది. "మా అమ్మ ఈ చుట్టు తిరుగుతూనే వానకి కొట్టుకుపోయింది. ఇప్పుడు నేను అడ్డంగా నడిస్తే ఆవిడ పడ్డ పాట్లన్నీ ఏమైనట్టు?"

"ఆవిడ తిరిగింది రోలు కోసం కాదు కదక్కా. మనకి గింజ తేవడానికి," అంది కుంటి చీమ మెల్లగా.

చినుకు పడింది. పెద్ద చీమ తిన్నగా కదిలింది. ఒకప్పుడు రోలున్న చోట మాత్రం క్షణం ఆగి, అమ్మని తలుచుకుని, తల వంచి సాగింది. వాన పెద్దదయ్యేలోపు బారంతా పుట్ట చేరింది.

మర్నాటి నుంచి చీమలన్నీ తిన్నగానే వెళ్తున్నాయి. ఆ చోటికి రాగానే ప్రతి చీమా ఆగి, తల వంచి మరీ వెళ్తోంది. కాలు నొప్పితో కుంటి చీమ ఆగకుండా పోతుంటే, "దీనికి పెద్దలంటే లెక్కలేదు" అని వెనకాల చీమలు అప్పుడే గొణుగుతున్నాయి.